సొంత గొట్టం తెచ్చుకున్నవాడు

లిసాంద్రో పెరూజీ మా ఊరి సంతలో అడుగుపెట్టిన పావుగంటలోనే ముగ్గురిని అవమానించాడు. ఇద్దరు పట్టించుకోలేదు. మూడో మనిషి నీమియా.

జూన్ నెల, మాకది చలికాలం. సన్నగా జల్లు పడుతోంది. నీమియా తన ఆకుల దుకాణంలో చెక్క రోట్లో పుదీనా దంచుతోంది. ఎదురుగా ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. మెడలో పట్టు రుమాలు, చేతిలో తోలుపెట్టె, ముఖంలో ఈ ఊరికి తను వచ్చినందుకు ఊరు సంతోషించాలన్న ధీమా.

"మసాలాలు, మూలికలు కలిపిన యెర్బా రుచి చూడాలండీ," అన్నాడు.

యాస వినగానే సంతకి అర్థమైంది, నదికి అవతలివాడు. అవతలి దేశంవాళ్ళని మేము కురేపీలు అంటాం. పంది తోలు అని అర్థం. ముద్దుపేరే.

నీమియా ఎండిన సొరబుర్ర డొల్లలో యెర్బా ఆకు నింపి, దంచిన పుదీనా, నిమ్మగడ్డి, కాస్త సోంపు వేసి, వేడినీళ్ళు పోసింది. పోసినవాళ్ళే మొదట తాగాలి కాబట్టి తాను తాగింది. మళ్ళీ నింపి అందించింది.

అతను సొరబుర్ర అందుకుని, అందులో ఉన్న పీల్చే గొట్టం బయటికి లాగి, బల్ల మీద పెట్టాడు. తోలుపెట్టె తెరిచి తన సొంత వెండిగొట్టం తీసి గుచ్చాడు.

మా దగ్గర ఒక్క గొట్టమే అందరి చేతులూ మారుతుంది. తాత తాగాక మనవడు తాగుతాడు. మాటల్లేని తోడికోడళ్ళు కూడా అదే గొట్టంతో తాగుతారు, మాట్లాడకుండానే. సొంత గొట్టం తీయడమంటే "నీ నోరంటే నాకు రోత" అని వెండితో చెప్పడం. నదికి అవతల కూడా ఇదే మర్యాద. కాకపోతే ఇతను బ్యూనస్ ఎయిర్స్‌లో మతే, అంటే ఈ యెర్బా పానీయమే, రుచి చూడడంలో డిప్లొమా చేశాడు. మనిషి డబ్బు కట్టి మరీ ఎలా పాడైపోతాడో మేము కళ్ళారా చూశాం.

అతను ఒక గుక్క పీల్చాడు. బుగ్గలో ఇటూ అటూ తిప్పాడు. తర్వాత జేబులోంచి ఒక రేకు కప్పు తీసి అందులో ఉమ్మేశాడు.

సంతలో అటువైపు బేరాలు ఆగిపోయాయి.

"పైన పుదీనా," అన్నాడు కళ్ళు మూసుకుని. "మధ్యలో వానకి తడిసిన అడవి. అడుగున... పాత తోలు."

"తోలు మేం వెయ్యలేదు," అంది నీమియా. "మీ పెట్టెదేమో చూసుకోండి."

"అది ఉపమానం అండీ."

"అది కూడా వెయ్యలేదు."

అతను కళ్ళు తెరిచాడు. అప్పుడు మొదటిసారి ఆమెని సరిగ్గా చూశాడు. జుట్టులో పుదీనా ఆకు, చేతిలో రోకలి, కళ్ళలో ఆ రోకలి ఎక్కడ పడాలో తెలిసిన తీరు.

"బాగుంటే మింగాలి. బాగోకపోతే తిట్టాలి. ఈ ఉమ్మడమేంటి?" అంది.

"మా వృత్తిలో రోజుకి బోలెడు రకాలు రుచి చూస్తాం. అన్నీ మింగితే ఆరోగ్యం..."

"మా అమ్మ పుట్టినప్పట్నుంచీ మింగుతోంది. ఇప్పటికీ మేడమెట్లు నాకంటే ముందు ఎక్కుతుంది."

లిసాంద్రో గొంతు సవరించుకున్నాడు. ఊళ్ళోని యెర్బా మిల్లు కొత్త రకం పాకెట్ తేవాలనుకుంటోందట. మూలికలు, మసాలాలు కలిపిన రకం. సరైన మిశ్రమం వెతకడానికి తనని పిలిపించారట. మిల్లులో ఎవర్ని అడిగినా న్యా లిదువీనా పేరే చెప్పారట. పెద్ద ఆడవాళ్ళని మేము గౌరవంగా న్యా అంటాం; ఈ న్యా లిదువీనా నీమియా వాళ్ళమ్మ. ఆవిడ ఇంట్లో కలిపే మిశ్రమాలు సంతకి రావు.

"కాబట్టి నేనే మీ ఇంటికొస్తాను," అన్నాడు లిసాంద్రో. "మంగళ, గురు, శని, ఆదివారాలు. సాయంత్రం అయిదింటికి. మీకు అభ్యంతరం లేకపోతే."

పక్కన చీపా రొట్టెలు అమ్ముతున్న న్యా బ్లాసిదా చేతిలోంచి గంప మూత జారి కిందపడింది.

మా ఊళ్ళో పిల్లని మనసుపడ్డవాడు ఆమె ఇంటికి వచ్చే రోజులవి. మంగళ, గురు, శని, ఆది. సాయంత్రంపూట, వరండాలో, పెద్దవాళ్ళ ఎదుట. ముత్తాతల కాలం నుంచీ అంతే. మిగతా రోజుల్లో కుర్చీ వెయ్యరు. ఒక మగాడు నలుగురిలో నిలబడి ఆ నాలుగు రోజుల పేర్లూ వరసగా చదివాడంటే, ఇక వేరే ఏం చెప్పక్కర్లేదు.

నీమియా చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మనడగాలి," అంది.

"తప్పకుండా అడగండి. చాలా సీరియస్‌గా వస్తున్నానని చెప్పండి," అన్నాడు ఆ మహానుభావుడు.

*

న్యా లిదువీనా వరండాలో మూడు పేము కుర్చీలు వేసింది. రెండు ఎదురెదురుగా, చెయ్యి చాచినా అందనంత దూరంలో. మూడోది వాటి మధ్య, తనకి. ఎదురింటి అరుగుమీద న్యా బ్లాసిదా తన కుర్చీ తాను వేసుకుంది. ఆవిడని ఎవరూ పిలవలేదు. ఆవిడకి ఆ అవసరం ఎప్పుడూ పడలేదు.

ఆ వరండాలో కుర్చీలు పడి ఏడాది దాటింది. అంతకు ముందు నాలుగేళ్ళపాటు ఓస్మార్ అనే అతను వచ్చేవాడు. చెప్పిన రోజున, చెప్పిన వేళకి వచ్చి, న్యా లిదువీనా చీపాలు తిని, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళేవాడు. ఒక గురువారం రాలేదు. ఎంకర్నాసియోన్ పట్నంలో మందులషాపు యజమాని కూతుర్ని చేసుకున్నాడని శనివారం తెలిసింది. అప్పట్నుంచీ మా వీధి నీమియాని చూసి జాలిపడుతూనే ఉంది. మా వీధి జాలిపడడం మొదలుపెడితే మనిషికి ఊపిరాడదు. ఇంకోసారి ఖాళీ కుర్చీ ముందు కూర్చోవాల్సి వస్తే ఈ ఊళ్ళో ఉండలేనని నీమియా తనకి తనే చెప్పుకుంది.

లిసాంద్రో సరిగ్గా అయిదింటికి వచ్చాడు. మా దగ్గర ఇంట్లోవాళ్ళని పిలవడానికి గేటు ముందు చప్పట్లు కొడతారు. ఇతను గేటు పట్టుకుని "హలో!" అని అరిచాడు. కుక్క కూడా ఆశ్చర్యపోయింది.

న్యా లిదువీనా దంచిన అల్లం, లవంగం వేసి పోసింది. అతను సొంత గొట్టం తీశాడు. ఆవిడ కనుబొమలు పైకి వెళ్ళాయి.

"మీ అమ్మానాన్నలు ఉన్నారా బాబూ?"

"ఉన్నారండీ. నాన్నగారికి బూట్ల దుకాణం."

"అందుకే తోలు," అంది నీమియా మెల్లగా.

"మీ వంశంలో ఎవరికైనా పళ్ళు తొందరగా ఊడాయా? మతిభ్రమణం? తాగుడు?"

స్థానికులు వ్యాపారంలో ఎంత జాగ్రత్తగా ఉంటారో అని లిసాంద్రో ముచ్చటపడ్డాడు. ముత్తాత బట్టతల దాకా అన్నీ చెప్పాడు. తర్వాత ఒక గుక్క పీల్చి, బుగ్గలో తిప్పి, రేకు కప్పులో ఉమ్మాడు.

న్యా లిదువీనా ముఖం జాలితో నిండిపోయింది. "పాపం. మింగుడు పడదు కాబోలు. ఇంత చిన్న వయసులో!" అని కూతురి చెవిలో అంది. "కడుపు జబ్బుంటే ఉండనీలే. గుణం మంచిది. నయం చేద్దాం."

ఆవిడ లోపలికి వెళ్ళగానే నీమియా అడిగింది. "ఈ నాలుగు రోజులే ఎందుకు ఎంచుకున్నారు?"

"సోమ, బుధ, శుక్రవారాలు మిల్లులో మీటింగులండీ. ఏం, మీకు కుదరదా?"

అతని ముఖంలో కల్మషం లేదు. తెలివి కూడా కనిపించలేదు. ఇతనికి ఏమీ తెలీదని నీమియాకి అప్పుడు అర్థమైంది. చెప్పేద్దామని నోరు తెరిచింది. ఎదురుగా అరుగుమీద న్యా బ్లాసిదా కనిపించింది. ఏడాదిగా పరామర్శలు తప్ప ఇంకో మాట ఎరగని ఆ నోరు, ఇవాళ మూతపడి ఉంది.

నీమియా కూడా నోరు మూసేసుకుంది. "కుదురుతుంది," అంది.

*

రెండోసారి వచ్చినప్పుడు జోరుగా వాన. మిశ్రమం నీమియా కలిపింది. ఎండబెట్టిన నారింజ తొక్క, వేయించిన సోంపు, చిన్న దాల్చినచెక్క ముక్క, కడుపుకి మంచిదని అమ్మ చెప్పిన బురితో ఆకు. వరండా పెంకుల్లోంచి ఒక చుక్క కారి సరిగ్గా అతని రేకు కప్పులో పడింది. టంగ్ మంది. ఇంకో చుక్క. మళ్ళీ టంగ్.

"మా ఇల్లు మీకు ఉమ్మి అప్పిస్తోంది," అంది నీమియా.

లిసాంద్రో నవ్వాడు. డిప్లొమా చేసిన నవ్వు కాదు. ముక్కులోంచి వచ్చే పిల్లకాయ నవ్వు. నవ్వుతూనే ఒక గుక్క పీల్చాడు. బుగ్గలో తిప్పలేదు. గొంతు కదిలింది. మింగేశాడు.

"మందు పనిచేస్తోంది!" అంది న్యా లిదువీనా చేతులు జోడించి.

అతను సొరబుర్ర వంక చూశాడు. నీమియా వంక చూశాడు. వాన వంక కూడా చూశాడు, అదేదో సలహా ఇస్తుందన్నట్టు.

"ఎలా ఉంది?" అడిగింది నీమియా.

"దగ్గరికొచ్చాం," అన్నాడు. "కానీ... ఇంకా ఏదో తక్కువైంది. మళ్ళీ రావాలి."

ఆ తర్వాత వారాలు గడిచాయి. చలి ముదిరింది. నీమియా రకరకాలుగా కలిపింది. అతను రకరకాలుగా వర్ణించాడు. ఒకసారి "నాయనమ్మ బీరువా" అన్నాడు. ఒకసారి "ఆదివారం మధ్యాహ్నపు బడి" అన్నాడు. ఇంకోసారి లవంగాలు ఎంత ఎక్కువ వేసిందంటే అతని నాలుక మొద్దుబారి, వర్ణన సగంలో ఆగిపోయింది.

"చెప్పండి, చెప్పండి. పైన ఏముంది?"

"పైన... పైపెదవి తెలీడం లేదండీ."

"హమ్మయ్య. ఇవాళ నిజం మాట్లాడారు."

అతను మళ్ళీ ఆ ముక్కు నవ్వు నవ్వాడు. ఏ రకమైనా ఏదో ఒకటి ఎక్కువయ్యేది, ఏదో ఒకటి తక్కువయ్యేది. ప్రతిసారీ కప్పులో ఉమ్మేవాడు. ప్రతిసారీ మళ్ళీ రావాలనేవాడు. మంగళవారం వస్తే నీమియా మధ్యాహ్నం నుంచే గేటువైపు చూసేది. చూస్తున్నట్టు ఒప్పుకునేది కాదు. అతనంటే ఇష్టం కలిగింది. ఆ ఇష్టాన్ని వెక్కిరింపులో మూటగట్టి రోజూ అతని మీదికే విసిరేది.

*

లిసాంద్రోకి ఆ రోజుల సంగతి చెప్పినవాడు మిల్లులో మూటలు కట్టే సిరీలో అనే అతను. పాపం అతను శుభాకాంక్షలు చెప్పాడంతే.

"ఉంగరం ఎప్పుడు అన్నా?"

"ఏ ఉంగరం?"

"నీమియాకి! మంగళ, గురు, శని, ఆది వదలకుండా వెళ్తున్నావుగా. మా ఊరి కుర్రాళ్ళే మధ్యలో ఎగ్గొడతారు. నువ్వు కురేపీవి అయ్యుండీ భలే పద్ధతిగా ఉన్నావని మా ఆవిడ కూడా అంది."

ఆ రోజుల అర్థం విన్నాక లిసాంద్రో మూటల మీద కూలబడ్డాడు. పళ్ళ గురించిన ప్రశ్న గుర్తొచ్చింది. ఎదురింటి కుర్చీ గుర్తొచ్చింది. ఒక మర్యాదస్తుల కుటుంబాన్ని తను మోసం చేసినట్టయింది కదా అని కంగారుపడ్డాడు. అతను మంచివాడు. మంచివాళ్ళు కంగారుపడితే చెడ్డవాళ్ళకంటే ఎక్కువ నష్టం చేస్తారు.

వెంటనే వెళ్ళి క్షమాపణ చెప్పాలనుకున్నాడు. మళ్ళీ అపార్థం చేసుకోకూడదని, ఇవాళ ఆ నాలుగు రోజుల్లో లేదని లెక్కచూసుకుని మరీ, ఆ శుక్రవారమే వెళ్ళాడు.

మా దగ్గర వచ్చేవాడు శుక్రవారం వచ్చాడంటే తెంపుకోవడానికే వచ్చాడని అర్థం.

"శుక్రవారం!" అని న్యా బ్లాసిదా నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు వీధి చివరిదాకా వెళ్ళింది. తలుపులు తెరుచుకున్నాయి.

నీమియా వరండాలో నిలబడే ఉంది. కుర్చీ వెయ్యలేదు.

"నాకు ఈ రోజుల సంగతి తెలీదండీ," అన్నాడు లిసాంద్రో. "ఇవాళే తెలిసింది. మీ పేరు పాడుచేశాను. నేను కేవలం మిశ్రమం కోసమే వచ్చాను."

"కేవలం?"

అతను తన బూట్లవంక చూశాడు. "కేవలం," అన్నాడు.

నీమియా లోపలికి వెళ్ళింది. పొద్దున్నుంచీ ఇంటిల్లిపాదీ తాగేసిన సొరబుర్రే తెచ్చింది. ఆకు ఎప్పుడో సారం వదిలేసింది. దాంట్లోనే నీళ్ళు పోసి అందించింది. పొమ్మని నోటితో చెప్పలేని అతిథికి మేము ఇచ్చేది అదే.

అతను తన గొట్టంతో పీల్చాడు. ఉమ్మలేదు, మింగాడు.

"చెప్పండి," అంది నీమియా. "పైన ఏముంది? మధ్యలో ఏముంది? అడుగున ఏముంది?"

"ఏమీ లేదండీ."

"ఇన్నాళ్ళకి మీ డిప్లొమా పనికొచ్చింది. ఇక వెళ్ళండి."

శనివారం సాయంత్రం న్యా లిదువీనా అలవాటు కొద్దీ కుర్చీలు వేసింది. వేశాక గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. నీమియా ఒక్కొక్కటే లోపలికి మోసింది. ఆ కాసేపూ మా వీధంతా కిటికీల వెనక నుంచి చూసింది. ఎవరూ ఒక్క కుర్చీ పట్టుకోలేదు. తర్వాత ఆమె తలుపేసుకుని, దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చింది. ఓస్మార్ కోసం ఇంత ఏడవలేదని అనిపించి, ఆ కోపంతో ఇంకాస్త ఏడ్చింది.

ఆదివారం కూడా అతను రాలేదు. సోమవారం మిల్లు మనిషి వచ్చి, కొత్త పాకెట్‌కి నారింజ తొక్క, వేయించిన సోంపు, దాల్చినచెక్క, బురితో కలిపిన రకం ఖాయమైందని చెప్పాడు. పాకెట్ మీద న్యా లిదువీనా పేరే ఉంటుందట. కురేపీ అతను శనివారం మిల్లు పెద్దల ముందు దాన్ని పోశాడట. ఏ వర్ణనా చెయ్యలేదట. "తాగి చూడండి" అని మాత్రం అన్నాడట. పని అయిపోయింది కాబట్టి బస్సెక్కి వెళ్ళిపోయి ఉంటాడని కూడా అన్నాడు.

*

మంగళవారం మళ్ళీ వాన. వరండాలో కుర్చీల్లేవు.

అయిదింటికి గేటు దగ్గర చప్పట్లు వినిపించాయి.

నీమియా బయటికొచ్చింది. లిసాంద్రో తడిసి ముద్దయి నిలబడ్డాడు. మెడలో రుమాలు లేదు. తోలుపెట్టె లేదు. రేకు కప్పు లేదు. గొడుగు కూడా లేదు. అది ఉండాల్సింది గానీ, ప్రేమలో ఉన్నవాడికి ఏది వదిలెయ్యాలో అంత వివరంగా తెలీదు.

"పని అయిపోయిందిగా," అంది నీమియా. "ఇంకేం రుచి చూడాలి?"

"ఏమీ లేదండీ. ఇవాళ మంగళవారం. అందుకొచ్చాను."

న్యా బ్లాసిదా గొడుగు వేసుకుని మరీ అరుగుమీద కూర్చుంది.

"శుక్రవారం 'కేవలం' అన్నారు."

"అబద్ధం చెప్పాను. అదే కాదు, ఇంకోటి కూడా ఉంది." అతను గేటు పట్టుకున్నాడు. "రెండోసారి వచ్చినప్పుడే మిశ్రమం దొరికేసింది. ఆ నారింజ తొక్క రకం. దానికంటే మంచిది ఇక ఉండదని అప్పుడే తెలుసు. దొరికిందని చెబితే మళ్ళీ రాకూడదు కదా. అందుకని ప్రతిసారీ ఇంకా ఏదో తక్కువైందన్నాను. రోజుల సంగతి నాకు తెలీకపోవచ్చు. నేనెందుకు వస్తున్నానో మాత్రం బాగా తెలుసు. నువ్వంటే నాకు ఇష్టం నీమియా."

"శని, ఆదివారాలు ఏమయ్యావు?"

"శనివారం మిల్లులో ఉన్నాను. ఆదివారం ఈ వీధి మలుపుదాకా వచ్చాను. రెండుసార్లు. ధైర్యం చాల్లేదు."

అతని ముక్కు కొస నుంచి చుక్కలు కారుతున్నాయి.

"మిశ్రమం దొరికిందని నాకూ తెలుసు," అంది నీమియా.

"ఎలా?"

"నువ్వు మింగావు."

లిసాంద్రో నోరు తెరిచాడు. వర్ణన ఏదీ రాలేదు.

"అన్నీ ఉమ్మేసేవాడివి, అదొక్కటి మింగి, ఇంకా ఏదో తక్కువ అన్నావు. అప్పుడే అనుకున్నా, వీడికి అబద్ధం కూడా చేతకాదని. అందుకే ఆ తర్వాత అన్నిట్లోనూ కావాలనే ఏదో ఒకటి ఎక్కువ వేశాను. నిజంగా బాగా కుదిరిపోతే నీ అబద్ధానికి దిక్కేది?"

"ఆ లవంగాలు కూడా?"

"అవి మాత్రం సరదాకి వేశాను."

లోపల్నుంచి న్యా లిదువీనా రెండు చేతుల్లో రెండు కుర్చీలు తెచ్చి వరండాలో ఎదురెదురుగా వేసింది. మళ్ళీ వెళ్ళి మూడోది తెచ్చి, మధ్యలో వేసుకుని కూర్చుంది. "వానలో నిలబెట్టి మాట్లాడతారా ఎవరైనా? అసలే కడుపు జబ్బు మనిషి," అంది.

నీమియా సొరబుర్ర నింపింది. నారింజ తొక్క, సోంపు, దాల్చినచెక్క, బురితో. మొదటిది తాను తాగింది. మళ్ళీ నీళ్ళు పోసింది. గొట్టాన్ని అతని వైపు తిప్పి అందించింది.

ఆమె పెదవుల తడి ఇంకా ఆ గొట్టం మీదే ఉంది. అతను తుడవలేదు. కళ్ళు మూసుకోలేదు. అడుగున గరగరమని చప్పుడు వచ్చేదాకా పీల్చి, మొత్తం మింగి, సొరబుర్ర తిరిగి ఆమె చేతికిచ్చాడు.

"ఎలా ఉంది?" అడిగింది.

"వేడిగా ఉంది," అన్నాడు. "ఇంకోటి పొయ్యి."

న్యా లిదువీనా ఆ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత లేచి, తన మూడో కుర్చీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అరుగుమీద న్యా బ్లాసిదా మాత్రం కదల్లేదు. సరిగ్గా కనబడటం లేదని గొడుగు మడిచేసి, వానలోనే కూర్చుంది.